చూడని కళాశాలకు సమ్మతిపత్రము

ఇంటర్మీడియెటు పరీక్షాఫలితములు వెలువడినంతనే రఘునాథపల్లివంటి గ్రామములలో తలిదండ్రులకు చింత మొదలగును: పిల్లను ఏ కళాశాలలో చేర్పింపవలెను? తెలంగాణ ఉన్నత విద్యామండలి 2016లో ‘దోస్త్’ అను డిగ్రీ ప్రవేశపద్ధతిని నెలకొల్పినది మొదలు ఉస్మానియా, కాకతీయ మున్నగు విశ్వవిద్యాలయముల పరిధిలోని కళాశాలలకు ఒక్క దరఖాస్తే చాలుచున్నది. విద్యార్థి తన పేరు నమోదు చేయించుకొని తనకు నచ్చిన కళాశాలలను వరుసగా పేర్కొనును. మార్కులను బట్టియు, రిజర్వేషనులను బట్టియు సీటు లభించును. ఊరూర తిరిగి దరఖాస్తు ఫారములు కొనవలసిన పూర్వపు పాట్లు తప్పినవి. ఇది మేలేయని ఒప్పుకొనక తప్పదు.

అయినను నచ్చినదానిని పేర్కొనవలెనన్నచో ముందుగా దానిని చూచియుండవలదా? రఘునాథపల్లి జనగామకును ఘనపురమునకును నడుమ కాజీపేట-సికింద్రాబాదు రైలుమార్గముపై నున్నది. పూర్వము వరంగల్లు జిల్లాలోనిదై, 2016 నుండి జనగామ జిల్లాలో చేరినది. ఒకవంక హనుమకొండ, మరియొకవంక హైదరాబాదు. ఎన్నుకొనదగిన కళాశాలలకు కొదువలేదు. కాని ఈ గ్రామపు బాలిక వానిలో ఎన్నింటి గడప త్రొక్కియుండును? రహదారి ప్రక్కనున్న ప్రకటన ఫలకములు, పొరుగింటివారి మాట, కళాశాల తరపున ఇంటికివచ్చి బస్సుగలదు, హాస్టలుగలదు అని నమ్మబలుకు మనుష్యుడు: ఆమెకు గల ఆధారములివియే. సీటు కేటాయింపబడిన పిమ్మట నిర్ణీత దినములలో అంతర్జాలముననే సమ్మతి తెలుపవలెను. లేనిచో సీటు పోవును. కళాశాలకు స్వయముగా పోవుట అటుపిమ్మటి మాట.

అమెరికా దేశమున ఈ క్రమము వేరు. అక్కడి పెక్కు కళాశాలలు మార్చి నెలాఖరునకు ప్రవేశము దొరికినవారికి తెలియజేసి, తమ నిర్ణయమును తెలుపుటకు మే 1 వరకు గడువిచ్చును. ఆ నడుమ ఏప్రిల్ మాసములో ప్రవేశము పొందిన విద్యార్థులను ఆహ్వానించి తరగతులలో కూర్చుండనిచ్చి, వసతిగృహములను చూపును. అప్పుడు పరీక్షకు నిలుచునది విద్యార్థి కాదు, కళాశాల.

ఆ దేశమునకే మన పిల్లలు చూడకయే పోయి అగచాట్లు పడిన సంగతి పాఠకులు మరచియుండరు. దూరపు కొండలు నునుపు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీని అక్కడి అధికారులు మూయించిరి. అందులో పేరుగల సుమారు 1,500 మందిలో పెక్కురు తెలుగువారు. కొందరి చీలమండలకు రేడియో పట్టీలు తగిలింపగా భారత ప్రభుత్వము ఆక్షేపించినది. 2019లో బయటపడిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీ విద్యాపీఠమే కాదు. వీసా మోసగాండ్రను పట్టుటకు అమెరికా ప్రభుత్వమే మిచిగన్ రాష్ట్రమున పన్నిన వల. అందు ఉపాధ్యాయులు లేరు, తరగతులు లేవు. అక్కడను చిక్కినవారిలో మనవారే మెండు. తెలిసియే చేరినవారును ఉండవచ్చును. ఏమియు తెలియక ఏజెంటుమాట నమ్మినవారిగతి యేమి? హనుమకొండ కళాశాలకును దీనికిని పోలికయేమియని అడుగువారు గలరు. ఆపదయొక్క తీవ్రతలో పోలిక లేదు. కాగితము చూచి కాలు పెట్టుటలో మాత్రము గలదు.

అక్కడి కళాశాలల మరియొక ఆచారము గూడ విచారింపదగినది. చిత్రకళ, శిల్పము మొదలగువానిని బోధించు సంస్థలు అభ్యర్థి స్వహస్తముతో చేసిన పనుల సంపుటమును అడుగును. దీనినే పోర్ట్‌ఫోలియో అందురు. రఘునాథపల్లికి చేరువనే పెంబర్తి యున్నది. అచ్చటి విశ్వకర్మల ఇండ్లలో ఇత్తడి రేకుపై ఉలితో కొట్టి బొమ్మను తేల్చు విద్య తండ్రినుండి కొడుకునకు వచ్చుచున్నది. అట్టి యింటి బాలుడు డిగ్రీకి దరఖాస్తు చేయునపుడు ఆ చేతిపనికి ఒక్క మార్కును రాదు. అయినను అన్ని కోర్సులకు పోర్ట్‌ఫోలియో కోరుట మాకు సమ్మతము కాదు. డబ్బుగలవాడు ఇతరులచే దానిని తయారు చేయించుకొనును. కళావిద్యలకు మాత్రము, అదియు పరీక్షకుల యెదుట పని చేయించి సరిచూచుకొనిన పిమ్మట, దానికి కొంత విలువనీయవచ్చును.

నిజమునకు సంపుటమును సమర్పింపవలసినది కళాశాలయే. అధ్యాపకులెందరు, వారి యర్హతలెట్టివి, గడచిన మూడేండ్లలో ఎందరు చేరి ఎందరు ఉత్తీర్ణులైరి, హాస్టలునకు ఎంత, బస్సునకు ఎంత — ఈ లెక్క ఒక్క పుటలో తెలుగున వ్రాసి సీటు కేటాయింపు పత్రముతోబాటు ఈయవలెను. చేరిన పిదప లోపము కనుగొన్నవాని పాట్లు చెప్పతరము కాదు. అసలు సర్టిఫికెట్లను కళాశాలలు తమయొద్ద ఉంచుకొనరాదని యూనివర్సిటీ గ్రాంట్సు కమిషను 2018లో ఆదేశించినది. కోర్సు మానుకొనువారికి ఫీజు తిరిగి యిచ్చు పద్ధతియు నిర్ణయించినది. ఆలస్యమైనకొలది వచ్చు మొత్తము తగ్గును, ప్రవేశముల తుదిదినము గడచి 30 దినములు దాటిన మీదట ఏమియు రాదు. ఈ నియమములు ఎందరు రైతులకు తెలియును?

కావున సీటు కేటాయింపునకును సమ్మతికిని నడుమ మూడు దినములు విడువవలెను. ఆ దినములలో కళాశాలలన్నియు తలుపులు తెరచి, ప్రయోగశాలలను, హాస్టలు వంటయింటిని చూపవలెను. పై తరగతి విద్యార్థులను అధ్యాపకులు దగ్గర లేకుండ మాటలాడనీయవలెను. ఖర్చు భారమనుటకు వీలులేదు. 2023 డిసెంబరు నుండి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు లేదు. తల్లియు కూతురును హనుమకొండ పోయి కళాశాల చూచి సాయంకాలమునకు ఇల్లు చేరవచ్చును. దీనికై క్రొత్త చట్టము అక్కరలేదు. విద్యామండలి దోస్త్ కాలపట్టికను ప్రకటించునపుడు ఒక్క పంక్తి చేర్చిన చాలును.