తేనె సీసాలో వచ్చిన పుట్టగొడుగు



తొలకరి వానలు పడగానే మన ఊళ్ళలో పుట్టల దగ్గర, చేలగట్ల మీద పుట్టగొడుగులు లేస్తాయి. మా అమ్మమ్మ వాటిని ఏరి తెచ్చి ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి ఇగురు పెట్టేది. పెంటకుప్ప మీద మొలిచిన వాటిని మాత్రం "కుక్కగొడుగులు, ముట్టుకోకండర్రా" అని కసిరేది. ఈసారి ఆ కుక్కగొడుగుల గురించే రాస్తున్నాను. అవి తింటే రంగులు కనబడతాయని, గాలిలో తేలినట్లుంటుందని విని వాటిని వెదుక్కుంటూ కొండలెక్కే కుర్రవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో మన ఇళ్ళ పిల్లలూ ఉన్నారు.

కొన్నేళ్ళ క్రితం ఒక ఆదివారం సాయంత్రం ఇంజనీరింగు చదివే అబ్బాయిని క్యాజువాలిటీకి తీసుకొచ్చారు. కంటిపాపలు పెద్దవైపోయాయి, నాడి పరుగెడుతోంది, జ్వరం లేదు. గోడలు ఊపిరి పీలుస్తున్నాయని కేకలు వేస్తున్నాడు. "సిస్టరుగారూ, మావాడికేదో గాలి సోకిందండీ" అని తల్లి ఏడుస్తోంది. ఇంటి దగ్గర రెండు గంటలు ప్రార్థన చేయించి అప్పుడు తెచ్చారట. ప్రార్థన చేయించడం తప్పు కాదు. ఆటోలో వస్తూ కూడా చేయవచ్చు.

అందరినీ బయటికి పంపి, లైటు ఆర్పి, పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. "బాబూ, ఏమి తిన్నావో చెప్పు. నేను తిట్టను" అన్నాను. చాలాసేపటికి చెప్పాడు. స్నేహితులతో కొడైకెనాల్ వెళ్ళాడు. అక్కడ ఎవరో తేనెలో నానబెట్టిన పుట్టగొడుగులు సీసాలో పోసి అమ్మారు. ఇంటికి తెచ్చి ఆ మధ్యాహ్నం రెండు చెంచాలు తిన్నాడు.

కొడైకెనాల్ సుమారు 7,000 అడుగుల ఎత్తున ఉంది. చల్లదనం, పొగమంచు, పశువులు మేసే పచ్చిక, వాటి పేడ అన్నీ ఉన్నచోట ఈ జాతి పుట్టగొడుగులు మొలుస్తాయి. వాటిలో ఉండే పదార్థం పేరు సైలోసిబిన్. మెక్సికో దేశంలో ఒహాకా కొండల్లోని మజటెక్ ప్రజలు రోగులను బాగుచేసే రాత్రి పూజల్లో వాటిని వాడేవారు. 1957లో గోర్డన్ వాసన్ అనే అమెరికా బ్యాంకు ఉద్యోగి ఆ సంగతిని లైఫ్ పత్రికలో రాసిన తరువాత ప్రపంచమంతా వాటి వెంటపడింది. 1958లో స్విట్జర్లాండు శాస్త్రవేత్త ఆల్బర్ట్ హాఫ్‌మన్ ఆ పదార్థాన్ని విడదీశాడు. మన దేశంలో 1985 నాటి మత్తుమందుల చట్టం జాబితాలో అది ఉంది. విదేశాల్లో కొన్ని ఆసుపత్రులలో దిగులు జబ్బుకు దానిని పరీక్షిస్తున్నారు గాని, అది కొలిచిన మోతాదు, పక్కన డాక్టరు ఉండి చేసే పని. తేనె సీసాతో దానికి పోలిక లేదు.

సైలోసిబిన్ వల్లనే ప్రాణం పోవడం అరుదు. అరగంటలో మొదలై అయిదారు గంటల్లో దిగిపోతుంది. ఆ సమయంలో భయంతో పరుగెత్తి లోయలో పడవచ్చు, మేడమీద నుంచి దూకవచ్చు. ఇంట్లో ఎవరికైనా మతి చలించిన జబ్బు ఉంటే ఆ పిల్లలకు ఇంకా ప్రమాదం. మా అబ్బాయికి డాక్టరుగారు నెమ్మదించడానికి ఇంజక్షను ఇచ్చారు. రాత్రి పది గంటలకు లేచి ఇడ్లీ అడిగాడు.

అప్పుడు తండ్రి వచ్చి, "తగ్గిపోయింది కదండీ, ఇంకెందుకు ఉంచుతారు? బిల్లు పెరగడానికా?" అన్నారు. నాకు కోపం వచ్చిన మాట నిజం. అయినా కూర్చోబెట్టి చెప్పాను.

అమెరికాలో సియాటిల్ దగ్గర విడ్బీ దీవి ఉంది. సియాటిల్ అంటే మన తెలుగువాళ్ళు ఉద్యోగాలకు వెళ్ళి స్థిరపడిన ఊరే. శీతకాలపు వానలకు అక్కడ తోటల్లో పరిచిన చెక్కపొట్టు మీద మత్తు పుట్టగొడుగులు మొలుస్తాయి. అదే చెక్కపొట్టులో, ఒక్కొక్కసారి వాటి పక్కనే, గాలెరీనా అనే చిన్న గోధుమరంగు పుట్టగొడుగు కూడా మొలుస్తుంది. 1981 డిసెంబరులో ముగ్గురు పిల్లలు మత్తు కోసం ఏరుకుని ఆ గాలెరీనాను తిన్నారు. పదహారేళ్ళ అమ్మాయి చనిపోయింది.

దానిలో ఉన్న విషం అమటాక్సిన్. ఉడికించినా, ఎండబెట్టినా పోదు. దాని మోసం ఏమిటంటే, తిన్న తరువాత ఆరు నుంచి పన్నెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు, ఏమీ తెలియదు. తరువాత కలరా వచ్చినట్లు వాంతులు, నీళ్ళ విరేచనాలు. మర్నాటికి తగ్గినట్లుంటుంది. ఇంటికి వెళ్ళిపోతామంటారు. లోపల మాత్రం కాలేయం చెడిపోతూనే ఉంటుంది. మూడో రోజుకో నాలుగో రోజుకో కళ్ళు పచ్చబడి, మాట తడబడి తిరిగి వస్తారు. అప్పటికి కొందరికి కాలేయం మార్చడం తప్ప దారి ఉండదు. మత్తు కోసమే కాదు, కూర కోసం ఏరుకున్నవాళ్ళూ పొరబడుతున్నారు. 2022 ఏప్రిల్‌లో ఎగువ అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది తేయాకు తోటల కుటుంబాలవారే. వాన పడితే పుట్టగొడుగు ఏరుకోవడం వాళ్ళకు కొత్త కాదు.

"మీవాడికి త్వరగా మత్తెక్కింది కాబట్టి ఆ సీసాలో సైలోసిబిన్ ఉందనుకోవచ్చు. దానితోపాటు ఇంకేమి కలిసిందో ఏరినవాడికైనా తెలుసా?" అని అడిగాను. ఆయన మాట్లాడలేదు. సీసా తెమ్మన్నాను. ఎవరైనా చూస్తే పరువు పోతుందని అప్పటికే కడిగేశారట.

రెండు రోజులు ఉంచి, పూటపూటకూ కాలేయం పరీక్ష చేయించాము. ప్రతి రిపోర్టు కోసం ఆ తండ్రి లాబు కిటికీ దగ్గర నిలబడ్డారు. అన్నీ బాగానే వచ్చాయి. ఇంటికి వెళ్ళేటప్పుడు అబ్బాయి ఒక్క మాట అడిగాడు: "సిస్టర్, నాతో తిన్నవాళ్ళు ఇంకా ఇద్దరున్నారు, వాళ్ళకు ఫోన్ చెయ్యనా?" ఆ మాట మొదటి రోజే అడగనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. ఇద్దరూ బాగానే ఉన్నారు.

మీ ఇంట్లో ఇలాంటిది జరిగితే ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించకండి, మజ్జిగతో విరుగుతుందని కూర్చోకండి. వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. ఎన్ని గంటలకు తిన్నారో, ఇంకా ఎవరెవరు తిన్నారో రాసి తీసుకురండి. వాంతులు తగ్గినా డాక్టరు పంపేవరకు ఉండండి. మిగిలిన ముక్క, పారేసిన తొడిమ, కూర గిన్నె, సీసా, ఏది ఉంటే అది కడగకుండా తీసుకురండి. పచ్చి పుట్టగొడుగైతే పాలిథిన్ కవరులో కుళ్ళిపోతుంది, కాగితంలో చుట్టండి.