మైనంతో నెలవంక, ఉప్పుతో చుక్కలు

సి.బెళగల్: ఎండాకాలం సెలవుల్లో మధ్యాహ్నం పిల్లల్ని బయటికి పంపలేం. ఇంట్లో ఉంటే ఫోన్ వదలరు. వాటర్ కలర్ డబ్బా, బ్రష్, కొవ్వొత్తి, ఉప్పు ఉంటే వాళ్లతో ఒక గంట కూర్చుని ఈద్ కార్డు చేయించవచ్చు. కాగితం మాత్రం మందపాటి డ్రాయింగ్ షీట్ కావాలి. నోట్‌బుక్ పేజీ తడికి ముడతలు పడి చిరుగుతుంది, పిల్లలు విసుగుపడి అక్కడితో మానేస్తారు.

నెలవంక: షీట్ పైభాగంలో కొవ్వొత్తితో గట్టిగా గీయించండి. పక్కన ఈద్ ముబారక్ అని ఉర్దూలోనో తెలుగులోనో రాయించండి. పైన నీలం రంగు పూస్తే మైనం మీద నీళ్లు నిలవవు, రాసిందంతా తెల్లగా బయటపడుతుంది.

చుక్కలు: రంగు మెరుపు తగ్గుతూ, ఇంకా తడి ఉండగానే చిటికెడు కల్లుప్పు చల్లండి. ఉప్పు చుట్టూ ఉన్న తడిని లాక్కుంటుంది. పూర్తిగా ఆరాక దులిపితే చుక్కలు కనిపిస్తాయి.

మసీదు: కింద నల్లరంగుతో గుమ్మటం, మినార్లు వేయించండి. ఆకాశం ఆరకముందే వేస్తే రంగు పాకిపోతుంది. ఆదోనిలో సిద్ది మసూద్ ఖాన్ 17వ శతాబ్దంలో కట్టించిన జామియా మసీదు ఫోటో చూపిస్తే ఊరి చరిత్ర కూడా చెప్పినట్టవుతుంది.

మినార్ వంకరగా వచ్చినా పెద్దలు దిద్దకూడదు. ఆ కార్డు నానీకో దాదీకో పిల్లల చేతే ఇప్పించండి.