సముద్రం మధ్యలో డీజిల్ అయిపోతే..? విశాఖ నుంచి కాకినాడకు బోటులో వెళ్లాలంటే ఎంత కావాలి? లెక్క ఇదీ!

రోడ్డు మీద బండిలో పెట్రోల్ అయిపోతే పక్కకు ఆపి, బాటిల్ పట్టుకుని బంకు దాకా నడుస్తాం. సముద్రంలో ఆ చాన్స్ లేదు. ఇంజిన్ ఆగిన బోటు ఒక చోట నిలబడదు. గాలి ఎటు తోస్తే అటు, నీరు ఎటు లాగితే అటు కొట్టుకుపోతుంది. అలలకు అడ్డం తిరిగితే బోల్తా పడే ప్రమాదమూ ఉంది. అందుకే లాంగ్ ట్రిప్‌కు వెళ్లే బోటుకు లైఫ్ జాకెట్లు ఎంత ముఖ్యమో డీజిల్ లెక్క కూడా అంతే ముఖ్యం. మరి ఆ లెక్క ఎలా వేయాలి?

కిలోమీటర్లు కాదు.. గంటలు చూడాలి

కారుకైతే లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందని చూస్తాం. బోటుకు మాత్రం గంటకు ఎన్ని లీటర్లు తాగుతుందో చూడాలి. ఎదురు నీరు తగిలితే ఇంజిన్ తాగేది తగ్గదు, ముందుకెళ్లే దూరం మాత్రం తగ్గిపోతుంది.

విశాఖ నుంచి కాకినాడకు సముద్ర మార్గంలో సుమారు 75 నాటికల్ మైళ్లు. ఒక నాటికల్ మైలు అంటే 1.852 కి.మీ. అంటే దాదాపు 139 కి.మీ. అన్నమాట. ఒక బోటు 8 నాట్స్ స్పీడుతో, అంటే గంటకు 8 నాటికల్ మైళ్లు వెళ్తూ 20 లీటర్లు తాగుతుందనుకుందాం. ప్రయాణానికి సుమారు 9.4 గంటలు పడుతుంది. డీజిల్ 188 లీటర్లు అవుతుంది. మరి 200 లీటర్లు కొట్టిస్తే సరిపోతుందా? సరిపోదు!

ఎదురు నీరు తగిలితే..

మన తూర్పు తీరంలో ప్రవాహం సీజన్‌ను బట్టి దిశ మారుతుంది. ఫిబ్రవరి నుంచి మే వరకు ఎక్కువగా ఉత్తరం వైపు, అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు దక్షిణం వైపు ఉంటుంది. అంటే వేసవిలో కాకినాడ వెళ్లే బోటుకు ఎదురు నీరే. అది 1.5 నాట్స్ ఉందనుకుంటే బోటు అసలు స్పీడు 6.5కి పడిపోతుంది. ప్రయాణం 11.5 గంటలు దాటుతుంది. డీజిల్ 231 లీటర్లు. అంటే 43 లీటర్లు అదనం!

మూడో వంతు రూల్

బోటు నడిపేవాళ్లు పాటించే పాత సూత్రం ఒకటుంది. పోవడానికి ఒక వంతు, రావడానికి ఒక వంతు, ఆపదకు ఒక వంతు. ఒకవైపు ప్రయాణమే అయినా గమ్యం చేరేసరికి ట్యాంకులో మూడో వంతు మిగలాలి. ఆ లెక్కన 231 లీటర్లు ఖర్చయ్యే ట్రిప్‌కు దాదాపు 350 లీటర్లతో బయలుదేరాలి. బరువు చూస్తే ఇది 300 కిలోలకు దగ్గర. డ్రమ్ముల్లో వేస్తే కదలకుండా తాళ్లతో గట్టిగా కట్టాలి.

ట్యాంకులో ఉన్నదంతా పనికిరాదు

ట్యాంకు అడుగున నీరు, మడ్డి పేరుకుంటాయి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధంలో మెకనైజ్డ్ బోట్లు ఒడ్డునే ఉంటాయి. ఖాళీగా ఉన్న ట్యాంకులో తేమ చేరి నీరవుతుంది. అలలకు బోటు ఊగగానే ఆ మడ్డి పైకి లేచి ఫిల్టర్‌కు అడ్డుపడుతుంది. డీజిల్ ఉండగానే ఇంజిన్ ఆగిపోతుంది! అందుకే అడుగున పదో వంతు లేనట్టే లెక్కేసుకోవాలి. బయలుదేరే ముందు ఫిల్టర్ మార్చాలి, స్పేర్ ఫిల్టర్లు వెంట ఉంచుకోవాలి.

స్పీడు తగ్గిస్తే ఎంత మిగులుతుంది?

నీటిని చీల్చుకుంటూ వెళ్లే బరువైన బోట్లలో స్పీడు కొంచెం పెరిగినా డీజిల్ బాగా పెరుగుతుంది. ప్రవాహం లేనప్పుడు 8 నాట్స్ నుంచి 7కు తగ్గిస్తే ప్రయాణం గంటా 20 నిమిషాలు పెరుగుతుంది కానీ మొత్తం డీజిల్‌లో 20 శాతానికి పైగా ఆదా అవుతుంది. నీటిపై తేలుతూ దూసుకెళ్లే స్పీడ్ బోట్లకు మాత్రం ఈ లెక్క వర్తించదు.

ఇవి మర్చిపోవద్దు

* గేజ్‌ను గుడ్డిగా నమ్మొద్దు. ట్యాంకు నింపి, కొన్ని గంటలు ఒకే స్పీడులో నడిపి, మళ్లీ నింపితే గంటకు ఎంత తాగుతుందో పక్కాగా తెలుస్తుంది.
* హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఇచ్చే అలలు, గాలి, ప్రవాహాల అంచనా చూశాకే బయలుదేరాలి.
* పూడిమడక దాటేసరికి ఎంత, పెంటకోట దాటేసరికి ఎంత.. ఖర్చు రాసుకుంటూ వెళ్లాలి. సగం దూరానికే మూడో వంతు దాటిందంటే వెంటనే స్పీడు తగ్గించాలి.
* ట్యాంకు పూర్తిగా ఎండిపోనివ్వొద్దు. పైపుల్లో గాలి చేరితే మళ్లీ డీజిల్ పోసినా ఇంజిన్ వెంటనే స్టార్ట్ కాదు. ముందు ఆ గాలి తీసేయాలి.
* తేడా వస్తే ఇంజిన్ ఆగేదాకా చూడొద్దు. దగ్గర్లోని హార్బర్ వైపు తిప్పి, వీహెచ్‌ఎఫ్ చానల్ 16లో లేదా కోస్ట్ గార్డ్ నంబర్ 1554కి చెప్పాలి. ఒడ్డుకు దూరమయ్యే కొద్దీ ఫోన్ సిగ్నల్ ఉండదు.

188 లీటర్లకూ 350 లీటర్లకూ మధ్య తేడా 162 లీటర్లు. అది దండగ ఖర్చు కాదు. వాడకపోతే ట్యాంకులోనే ఉంటుంది, అవసరం పడితే బోటులో ఉన్నవాళ్లను ఒడ్డుకు చేర్చేది అదే.