ఉద్యోగ భద్రత - ఉత్పాదకత

ఉద్యోగ భద్రత అనగా తన పని, దాని వలన వచ్చే ఆదాయం నిలకడగా ఉంటాయని కార్మికునికి గల భరోసా. ఉత్పాదకత అనగా నిర్ణీత కాలంలో ఒక్కొక్క కార్మికుడు సాధించే ఉత్పత్తి. ఈ రెండింటి సంబంధం అర్థశాస్త్రంలో చిరకాలంగా చర్చనీయాంశము.

వాదనలు

భద్రత ఉన్నచోట కార్మికుడు నైపుణ్యం పెంచుకుంటాడని, యజమాని కూడా శిక్షణకు వెచ్చిస్తాడని ఒక వాదన. రెండవ ప్రపంచ యుద్ధానంతరం జపాను పెద్ద కంపెనీలలో స్థిరపడిన జీవితకాల ఉద్యోగ పద్ధతిని ఇందుకు ఉదాహరణగా చూపుతారు. తొలగింపు భయం లేనిచోట శ్రద్ధ సన్నగిల్లుతుందన్నది ప్రతివాదన.

చట్టపరమైన రక్షణ

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుని తొలగించాలంటే నెల రోజుల నోటీసు, పనిచేసిన ప్రతి సంవత్సరానికి 15 రోజుల వేతనం పరిహారంగా ఇవ్వాలి. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఈ సూత్రాన్ని కొనసాగించింది. అయితే ఆదోనిలోని పత్తి జిన్నింగు మిల్లుల వంటి చోట్ల కొన్ని నెలలు మాత్రమే పనిచేసే కూలీలు 240 రోజులు పూర్తి చేయడం కష్టం.

కర్నూలు పశ్చిమ ప్రాంతం

ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘాన్ని స్థాపించాడు. ఆయనకు 1954లో పద్మశ్రీ పురస్కారం లభించింది. సహకార పద్ధతిలో సంఘమే నూలు ఇచ్చి, నేసిన గుడ్డను తీసుకొని, కూలి చెల్లిస్తుంది. నేతగాని కూలి నేసిన గుడ్డను బట్టే ఉంటుంది; కాని నూలు కొరకు, అమ్మకం కొరకు తిరిగే రోజులు మగ్గానికి మిగులుతాయి.

వర్షాధార సేద్యం గల కోసిగి మండలంలో ఇటువంటి ఆసరా తక్కువ. ఇక్కడి కూలీలు ఏటా మిరప కోతలకు, పత్తి తీతకు గుంటూరు ప్రాంతానికి వలస వెళ్తారు. దీనిని స్థానికంగా సుగ్గి అంటారు. పత్తి తీతకు సాధారణంగా కిలోల లెక్కన కూలి ఇస్తారు కనుక భద్రత లేకున్నా రోజు పని తగ్గదు. నష్టం ఏడాది లెక్కలో కనిపిస్తుంది: పని వెదకుటలో, ప్రయాణంలో దినాలు పోతాయి, ఒక పనిలో నైపుణ్యం కుదరదు, తల్లిదండ్రుల వెంట వెళ్ళిన పిల్లల చదువు ఆగిపోతుంది.

ఉపాధి హామీ

2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం కర్నూలు జిల్లాలో 2007లో అమలులోకి వచ్చింది. కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పనికి హామీ ఇస్తూనే, తవ్విన మట్టి కొలతను బట్టి కూలి చెల్లించే పద్ధతిని ఇందులో పాటించారు. 2025 డిసెంబరులో పార్లమెంటు దీని స్థానంలో 125 రోజుల హామీతో కొత్త చట్టాన్ని ఆమోదించింది. పనికి హామీ, పనిని బట్టి కూలి ఒకదానికొకటి విరుద్ధం కావని ఈ పద్ధతి తెలుపుతుంది.