ఊపిరి లెక్కించే ఫోన్.. మీ ప్రాజెక్టుకు ప్రాణం!

ఫైనలియర్ ప్రాజెక్టును రెడీమేడ్‌గా కొనేద్దామనుకుంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి. జేబులోని ఫోన్‌తో ఊపిరి లెక్కించే ప్రాజెక్టు మీరే చేయొచ్చు. పైసా ఖర్చుండదు. ఇంటర్వ్యూలో తడబడే పనీ ఉండదు.

ఫోన్‌కెలా తెలుస్తుంది?

ఫోన్‌ను అడ్డంగా తిప్పితే స్క్రీన్ కూడా తిరుగుతుంది కదా! అందుకు తోడ్పడే యాక్సిలరోమీటర్, పొట్టపై పెడితే శ్వాస కదలికల్నీ పట్టేస్తుంది. మైక్ మరో దారి. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో ‘స్పైరోస్మార్ట్’ను పరిచయం చేశారు. మైక్ వైపు గట్టిగా ఊదితే ఆ శబ్దాన్ని బట్టి ఊపిరితిత్తుల పనితీరును అంచనా వేస్తుంది. 52 మందిపై పరీక్షిస్తే, స్పైరోమీటర్‌తో సగటు తేడా 5.1 శాతమే. మన హైదరాబాద్‌ సంస్థ సాల్సిట్ టెక్నాలజీస్ కూడా దగ్గు శబ్దాన్ని విశ్లేషించే ‘స్వాస’ను తయారుచేసింది.

మీరే చేసి చూడండి

* ‘ఫైఫాక్స్’ ఉచిత యాప్ వేసుకోండి. వెల్లకిలా పడుకుని, ఫోన్‌ను పొట్టపై పెట్టి రెండు నిమిషాలు రికార్డు చేయండి. గ్రాఫ్‌లో అలలు కనిపిస్తాయి.
* ఆ డేటాను పైథాన్‌లోకి తీసుకోండి. పెద్దవాళ్లు విశ్రాంతిలో నిమిషానికి 12-20 సార్లు శ్వాస తీసుకుంటారు. అంటే 0.2-0.33 హెర్ట్జ్. కాబట్టి 0.1-0.5 హెర్ట్జ్ బ్యాండ్‌పాస్ ఫిల్టర్‌తో మిగతా నాయిస్‌ను వడకట్టండి.
* మిగిలిన అలల శిఖరాలను లెక్కపెట్టే కోడ్ రాయండి.

అసలు ప్రశ్న ఇదే

‘మీ లెక్క సరైనదని ఎలా చెప్తారు?’ ఇంటర్వ్యూలో చాలామంది నీళ్లు నమిలేది ఇక్కడే. అందుకే రికార్డు చేస్తున్నప్పుడే పక్కనున్న ఫ్రెండ్‌తో శ్వాసలు లెక్కపెట్టించండి. ఇలా పదిమందిపై చేసి, రెండు అంకెలనూ పట్టికలో వేయండి. మాట్లాడినా, కదిలినా లెక్క తప్పుతోందా? దాచకండి, అదీ రాయండి. ‘99 శాతం కచ్చితత్వం’ అని గొప్పలు పోవడం కంటే ‘ఇక్కడ తప్పింది, కారణమిది’ అని చెప్పగలిగితేనే పని మీరే చేశారని అవతలివాళ్లు నమ్ముతారు.

గీత దాటొద్దు

శ్వాస లెక్కించడం వేరు, జబ్బు చెప్పడం వేరు. రోగనిర్ధారణ కోసం ఉద్దేశించిన సాఫ్ట్‌వేర్ మన దేశంలో వైద్య పరికరాల నిబంధనలు-2017 పరిధిలోకి వస్తుంది. రెజ్యూమెలో ‘ఆస్తమాను గుర్తించే యాప్’ అని కాకుండా ‘శ్వాస రేటు అంచనా’ అనే రాయండి. ఎవరికైనా ఆయాసంగా ఉంటే యాప్ పక్కన పెట్టి, డాక్టర్ దగ్గరకు పంపండి.

ఈసీఈ వాళ్లకు సిగ్నల్ ప్రాసెసింగ్, సీఎస్‌ఈ వాళ్లకు కోడింగ్, బయోమెడికల్ వాళ్లకు పరీక్షా పద్ధతి.. ఒక్క ప్రాజెక్టులో మూడూ ఉన్నాయి. తలా ఒకరు కలిసి టీమ్ కట్టండి. ఇవాళే మొదటి రికార్డింగ్ చేసేయండి!