పిల్లల వాటా పిల్లల ఖాతాలోకే: వారసత్వ సొమ్ము జమ చేసే ముందు తెలుసుకోవాల్సినవి

ఇంటి పెద్ద కన్నుమూశాక బ్యాంకులో దాచుకున్న డబ్బు, చిట్టీ సొమ్ము, గల్ఫ్ కంపెనీ నుంచి రావాల్సిన బకాయి జీతం ఒక్కొక్కటిగా చేతికొస్తాయి. చాలా ఇళ్లలో అవన్నీ భార్య ఖాతాలోనో, మృతుడి తమ్ముడి ఖాతాలోనో పడతాయి. ‘పిల్లల పేరున కూడా కొంత వేద్దాంలే’ అనుకుంటారు. కానీ తండ్రి పోయిన రోజే అందులో పిల్లల వాటా పిల్లలదైపోయింది. దాన్ని వాళ్ల ఖాతాలో వేయడం పెద్దలు చేసే ఉపకారం కాదు. అది అమానత్, ఎవరిది వాళ్లకు అప్పజెప్పాల్సిందే.

ముందు వాటాలు తేల్చండి

ముస్లిం కుటుంబాల్లో అంత్యక్రియల ఖర్చు, అప్పులు, చెల్లించని మెహర్ ముందు తీసేయాలి. వసియ్యత్ ఉంటే మూడో వంతు మించకుండా ఇవ్వాలి. మిగిలినదే పంపకానికి వస్తుంది. అలా 24 లక్షలు మిగిలాయనుకోండి. మృతుడి తల్లిదండ్రులు లేరు. భార్య, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నారు. భార్యకు ఎనిమిదో వంతు, అంటే 3 లక్షలు. మిగతా 21 లక్షల్లో కొడుక్కి 14 లక్షలు, కూతురికి 7 లక్షలు. మృతుడి తల్లిదండ్రులు బతికి ఉంటే ఒక్కొక్కరికి ఆరో వంతు వెళుతుంది, పిల్లల వాటా ఆ మేరకు తగ్గుతుంది. వీలునామా లేని హిందూ కుటుంబాల్లోనైతే 1956 నాటి వారసత్వ చట్టం ప్రకారం మృతుడి తల్లి, భార్య, కొడుకులు, కూతుళ్లు సమాన వాటాదారులు.

ఒక అపోహ మాత్రం వదిలేయండి. బ్యాంకు డిపాజిట్‌లో నామినీగా పేరున్నంత మాత్రాన ఆ డబ్బంతా నామినీది కాదు. వారసుల తరఫున బ్యాంకు నుంచి తీసుకునే మనిషి నామినీ. ఆ తర్వాత పంచాల్సిందే.

సంరక్షకులు ఎవరు?

మైనర్ పేరిట తల్లి సంరక్షకురాలిగా సేవింగ్స్ ఖాతా, ఫిక్స్‌డ్ డిపాజిట్ తెరవడానికి రిజర్వ్ బ్యాంకు అనుమతిస్తోంది. 2025 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల్లోనూ ఈ మాట ఉంది. కాబట్టి ‘నాన్న లేడు కదా, ఖాతా కుదరదు’ అని ఎవరైనా అంటే వెనక్కి తిరగకండి, బ్రాంచి మేనేజర్‌ను అడగండి.

ఇల్లు, స్థలం సంగతి వేరు. ముస్లిం పర్సనల్ లా ప్రకారం మైనర్ ఆస్తికి తండ్రి తర్వాత తండ్రి నియమించిన వ్యక్తి, ఆపైన తాత సంరక్షకులవుతారు. తల్లి తనంతట తానుగా కాలేదు. పిల్లల వాటా ఉన్న స్థలాన్ని తల్లో, చిన్నాన్నో కోర్టు అనుమతి లేకుండా అమ్మితే పిల్లల వాటా మేరకు ఆ అమ్మకం చెల్లదు. 1918లో ఇమాంబాందీ కేసులో ప్రీవీ కౌన్సిల్ చెప్పింది ఇదే. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద జిల్లా కోర్టుకు వెళితే తల్లిని కూడా సంరక్షకురాలిగా నియమించవచ్చు. స్థలం అమ్మి డబ్బు పిల్లల ఖాతాలో వేయాలనుకుంటే ముందు ఈ పని పూర్తి చేసుకోండి.

ఎక్కడ దాచాలి?

డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో ఒక్కో ఖాతాదారుకు అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే. పై ఉదాహరణలో కొడుకు 14 లక్షలను ఒకే బ్యాంకులో పెట్టకుండా మూడు బ్యాంకుల్లో వేయడం మేలు. పదేళ్లలోపు కూతురుంటే సుకన్య సమృద్ధి ఖాతా ఉంది. కానీ ఏడాదికి 1.5 లక్షలకు మించి వేయనివ్వరు. 7 లక్షలూ ఒకేసారి పట్టవు, ఏటా కొంత వేయాలి. 15 ఏళ్ల పాటు కట్టొచ్చు, తెరిచిన 21 ఏళ్లకు పూర్తవుతుంది. 18 నిండాక చదువుకు సగం వరకు తీసుకోవచ్చు. ఈలోపు అవసరం పడే ఫీజుల సొమ్ము మాత్రం అందులో పెట్టకండి.

వడ్డీ వద్దనుకునే కుటుంబాలు షరియా నియమాలు పాటించే మ్యూచువల్ ఫండ్లను చూడవచ్చు. మైనర్ పేరునే యూనిట్లు ఉంటాయి, అమ్మితే వచ్చే డబ్బు మైనర్ ఖాతాకే వెళుతుంది. అయితే అది మార్కెట్ సొమ్ము, తగ్గొచ్చు కూడా. పరాయి సొమ్ముతో అంత సాహసం చేయవచ్చా అన్నది ఆలోచించి అడుగు వేయండి.

పన్ను మాటేమిటి?

వారసత్వంగా వచ్చిన డబ్బుపై మన దేశంలో పన్ను లేదు. ఎస్టేట్ డ్యూటీ 1985లోనే రద్దయింది. కానీ ఆ డబ్బుపై వచ్చే వడ్డీ మైనర్ ఆదాయం కాబట్టి తల్లిదండ్రుల్లో ఎవరి ఆదాయం ఎక్కువో వారి లెక్కలో కలుస్తుంది. తండ్రి లేకపోతే తల్లి లెక్కలోకి వస్తుంది. ఆమె రిటర్నులో చూపించాలి.

ఇక మీకు మీ నాన్నగారి నుంచి వచ్చిన వాటాను మీ పిల్లలకు ఇస్తే అది వారసత్వం కాదు, హిబా, అంటే బహుమతి. దానిపై పన్ను పడదు. వడ్డీ మాత్రం పై పద్ధతిలోనే కలుస్తుంది. ఒకసారి వాళ్లకు ఇచ్చేశాక మళ్లీ మన అవసరానికి వాడుకునే సొమ్ము కాదది. అందుకే ఇంటి ఖర్చుకు, అప్పులకు ఎంత కావాలో ముందే లెక్క చూసుకుని మిగిలిందే ఇవ్వండి.

లెక్క రాసి పెట్టండి

ఒక్కో బిడ్డకు ఒక్కో నోటుబుక్కు పెట్టండి. ఎంత వచ్చింది, ఎక్కడ వేశారు, ఫీజుకో వైద్యానికో ఎంత తీశారు, రసీదు ఏది, అన్నీ అందులో ఉండాలి. అక్క పెళ్లికని తమ్ముడి వాటా తీయడం, చిన్నాన్న వ్యాపారానికి ‘సర్దడం’ ఇళ్లలో మామూలుగా జరిగేవే. అన్నదమ్ముల మధ్య మాటల్లేకుండా చేసేవీ ఇవే.

18 నిండాక బ్యాంకు కొత్త సంతకం, కేవైసీ తీసుకుంటుంది. అక్కడితో మీ సంతకానికి పని అయిపోతుంది. అనాథల సొమ్ము తిరిగి అప్పగించేటప్పుడు సాక్షులను పెట్టుకోమని సూరె నిసా చెబుతోంది. ఆ రోజు ఇద్దరు పెద్దల్ని కూర్చోబెట్టి, నోటుబుక్కు తెరిచి, పాస్‌బుక్కు బిడ్డ చేతిలో పెట్టండి.