మంచుకొండ మీద జారుడుబండ

పిల్లలూ, జారుడుబండ ఎక్కని వాళ్ళు మీలో వుండరు. ఆ జారుడుబండ ఒక కొండంత వుండి, దాని నిండా తెల్లని మంచు వుంటే ఎలా వుంటుంది? కాశ్మీరులోని గుల్‌మార్గ్ అలాంటి చోటు.

గుల్‌మార్గ్ అంటే పూల మైదానం. ఇది సముద్రమట్టానికి సుమారు 2,650 మీటర్ల ఎత్తున వున్నది. వేసవిలో అక్కడ పచ్చికా, పూలూ కనిపిస్తాయి. శీతకాలంలో అంతా మంచే. మంచు బాగా పడగానే దేశదేశాల నుంచి జనం స్కీయింగ్ చెయ్యటానికి వస్తారు.

మెత్తని మంచులో బూట్లతో నడిస్తే కాలు లోపలికి దిగబడిపోతుంది. స్కీలు తొడిగితే అంతగా దిగబడదు. ఎందుచేత? స్కీ అంటే సన్నగా, పొడుగ్గా, ముందు కొన పైకి వంగి వుండే పలక. మన బరువు ఒక్కచోట పడక, ఆ పలక పొడుగునా సర్దుకుంటుంది. అడుగున మైనం పూస్తారు కనక అది సులువుగా జారుతుంది కూడా.

స్కీలు కాలికొకటి వుంటాయి. స్నోబోర్డు మాత్రం రెండు కాళ్ళకూ కలిపి ఒకటే పలక; దాని మీద పక్కకు తిరిగి నిలబడాలి. 1965లో అమెరికాలో షెర్మన్ పాపెన్ అనే ఆయన తన కూతుళ్ళు ఆడుకోవటానికి రెండు స్కీలను కలిపి బిగించాడు. స్నోబోర్డుకు నాంది అదే!

స్కీయింగ్‌లో మొదటి పాఠం ఏమిటో తెలుసా? జారటం కాదు, ఆగటం! స్కీల ముందు కొనలను దగ్గరికి చేర్చి, వెనక కొనలను ఎడంగా చాపాలి. అప్పుడు లోపలి అంచులు మంచును నాగలిలాగా దున్నుతాయి. వేగం తగ్గి మనిషి ఆగుతాడు. దీనిని కొత్తవాళ్ళు మైదానంలోని చిన్న వాలు మీద నేర్చుకుంటారు.

కొంత నేర్పు వచ్చినవాళ్ళు తీగల మీద నడిచే గొండోలా పెట్టెలో కూర్చుని కొంగ్డూరికి వెళతారు. ఆరితేరినవాళ్ళు మరొక గొండోలాలో 3,900 మీటర్లకు పైగా వున్న అఫర్వత్ కొండకు పోతారు.

అక్కడ ఒక పెద్ద ప్రమాదం పొంచి వుంటుంది. మంచు ఒక్కసారిగా పడదు. పొరలు పొరలుగా పేరుకుంటుంది. పై పొర కింది పొరకు సరిగా అతుక్కోకపోతే, ఒక్క మనిషి బరువుకే అది విరిగి, కొండవాలున దొర్లుతూ అడ్డం వచ్చిన వాళ్ళను పూడ్చేస్తుంది. 2010 ఫిబ్రవరిలో గుల్‌మార్గ్ దగ్గర శిక్షణ పొందుతున్న సైనికులు అనేకమంది ఇలాగే మరణించారు. అందుచేత మంచు తీరు తెలిసిన గస్తీవాళ్ళు ముందుగా వాలులను పరీక్షిస్తారు. ప్రమాదం వుందనుకుంటే దారి మూసేస్తారు. నేర్పరులు కూడా ఆ మాట వినవలసిందే. పైకి పోయేవాళ్ళు మంచులో పూడుకుపోయిన మనిషి జాడ చెప్పే చిన్న పరికరాన్నీ, మంచు తవ్వే పారనూ వెంట వుంచుకుంటారు.

గుల్‌మార్గ్ వాలుల మీదనే చిన్ననాడు స్కీయింగ్ నేర్చిన ఆరిఫ్ ఖాన్ 2022లో బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌కు వెళ్ళాడు. ఆ పోటీలలో భారతదేశం తరపున పాల్గొన్నవాడు ఆయన ఒక్కడే. జెయింట్ స్లాలమ్ అనే పందెంలో 45వ స్థానం పొందాడు.

మీరూ ఎప్పుడైనా గుల్‌మార్గ్ వెళితే, ఆ పెద్ద కొండను చూసి తొందరపడకండి. ముందు చిన్న వాలు మీద ఆగటం నేర్చుకోండి. కొండ ఎక్కడికీ పోదు!